చెత్త లేని ఇంటి పిల్ల

ఒక పెద్ద అడవిలో, ఆ అడవి పెద్దరికానికి ఏమాత్రం తగని చిన్న బడి ఒకటి ఉండేది. నల్లమద్ది చెట్టు, దాని పక్కన నాలుగు బండరాళ్ళు, ఒక పుట్ట, పుట్ట మీద ఒంటికాలి మీద నిలబడ్డ హెడ్మాస్టారు. బడంటే అంతే. గంట కూడా లేదు. వడ్రంగిపిట్ట మాను మీద మూడుసార్లు కొడితే బడి మొదలైనట్టు, దానికి ఆకలేసి ఎగిరిపోతే బడి అయిపోయినట్టు.

హెడ్మాస్టారు కొంగ. పేరు జపేశ్వరరావు. ఎనిమిదేళ్ళ కిందట ఈ ఎండు మిట్ట మీదికి ఉద్యోగానికొచ్చాడు. కనుచూపు మేరలో చేపన్నది లేదు. వానాకాలం నాలుగు కప్పలు, ఎండాకాలం నాలుగు మిడతలు, మధ్యలో ఉపవాసాలు. చేపల చెరువు గట్టున ఉన్న బడికి బదిలీ కావాలని ఆయన పెట్టుకున్న అర్జీలు తిని పై ఆఫీసులో చెదపురుగులు మూడు తరాలు బతికాయి.

అయినా మన కథ మాస్టారిది కాదు, నూకాలుది.

నూకాలు పేడపురుగు. అడవిదున్నలు, దుప్పులు, ఏనుగులు ఎక్కడ ఏది వదిలి వెళ్తే అక్కడికి పోయి, దాన్ని ఉండలు చుట్టి, తల కిందికి పెట్టి వెనక్కాళ్ళతో దొర్లించుకుంటూ తీసుకెళ్ళి మట్టిలో పాతిపెట్టే వంశం. ఆ ఉండే వాళ్ళ తిండి, ఆ ఉండే పిల్లల ఉయ్యాల. ముత్తాతల నాటి నుంచి అడవి శుభ్రంగా ఉందంటే వీళ్ళ చలవే. కానీ ఆ ముక్క అడవిలో ఎవరికీ తెలీదు. పొద్దున్న లేచేసరికి నేల శుభ్రంగా ఉంటే అది నేల మంచితనం అనుకునేవాళ్ళు.

నూకాలుకి ఒక్కతే కూతురు, పైడి. ఆ వంశంలో బడి మొహం చూసిన మొదటి పిల్ల అదే. ఇప్పుడు రెండో తరగతి. ఆ బడిలో ఒక పద్ధతుంది. రెండో తరగతి దాకా పిల్లలు ఎండలో కూర్చోవాలి. మూడో తరగతి నుంచి చెట్టు నీడలో కూర్చోవచ్చు. నూకాలు ఆశంతా ఆ నీడ మీదే. "నా వీపు ఎండలో కాలింది చాలు. నా పిల్లయినా నీడపట్టున కూర్చోవాలి" అని రోజూ ఉండ దొర్లించినంతసేపూ అనుకునేది.

అలా ఉండగా ఒకరోజు పై ఆఫీసు నుంచి పావురం తాఖీదు పట్టుకొచ్చింది. "పిల్లలకు ఇంటా బడిలోనా పర్యావరణానికి మేలుచేయు అలవాట్లు నేర్పవలెను. పదిహేను రోజులలో విద్యాధికారి వారు స్వయముగా వచ్చి చూచెదరు. చక్కగా నేర్పిన ప్రధానోపాధ్యాయునికి కోరిన చోటికి బదిలీ" అని.

మొదటి రెండు ముక్కలూ మాస్టారు ఒంటికన్నుతో చదివాడు. మూడో ముక్క దగ్గర రెండు కళ్ళూ తెరిచాడు, రెండో కాలు కూడా కింద పెట్టాడు.

ఆ పుట్ట పక్కనే దుప్పి పెంటికలు ఏరుకుంటున్న నూకాలు చెవిన ఆ తర్వాత మాటలన్నీ పడ్డాయి. పెద్దవాళ్ళ సంగతులు మనకెందుకులే అని తన పని తను చేసుకుపోయింది.

"చెత్త తగ్గించమని పిల్లలకి చెబుదామండీ" అంది చిలక టీచరమ్మ. ఆవిడ ఏం చెప్పినా మూడుసార్లు చెప్పేది. "తగ్గించమని చెబుదామండీ, తగ్గించమని."

"తగ్గిస్తే చూపించడానికేం మిగుల్తుంది టీచరమ్మా? లేనిదాన్ని అధికారి ఏ కంటితో చూస్తాడు? కనబడాలి! గుట్టలు గుట్టలు చెత్త కనబడాలి. దాంతో పిల్లలు చేసిన బొమ్మలు కనబడాలి. ప్రతి పిల్లా ఇంటి నుంచి ఇరవై రకాల చెత్త తెచ్చి బొమ్మ చెయ్యాలి. ఎంత చెత్తకి అన్ని మార్కులు. తేనివాళ్ళు పర్యావరణంలో ఫెయిలు."

"ఫెయిలు, ఫెయిలు" అంది టీచరమ్మ.

నాలుగు రోజులు మాస్టారు బడి ముందు చెత్త పోగేయించాడు. అయిదో రోజు సాయంత్రం పైడి ఇంటికొచ్చి పలక కింద పడేసింది.

"అమ్మా, చెత్త కావాలి."

"ఏం కావాలీ?"

"చెత్త. ఇరవై రకాలు. తేకపోతే ఫెయిలు. ఫెయిలైతే నీడ లేదంట."

నూకాలు చేతిలో పని వదిలేసి లేచింది. ఇల్లంతా వెతికింది. ఇల్లంటే ఎంత, జానెడు బొరియ. మూలనున్న ఉండ, అది రాత్రికి కూడు. ఇంకో ఉండ, అది పుట్టబోయే బిడ్డకి ఉయ్యాల. గోడకి అంటుకున్న పీచు, అది వానొస్తే గుమ్మానికి అడ్డం. నేల మీద రాలిన పొడి, అది రేపు పుట్టగొడుగులు మొలిచే చోటు. పారెయ్యడానికి పనికొచ్చే వస్తువు ఒక్కటంటే ఒక్కటి కనబడలేదు.

"మనింట్లో చెత్త లేదే తల్లీ" అంది చివరికి, ఏదో తప్పు చేసినట్టు.

పైడి కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది. "అందరిళ్ళలోనూ ఉందంటమ్మా. కోతి వాళ్ళింట్లో బోలెడుందంట. మనం అంత బీదవాళ్ళమా?"

నూకాలు దాని కళ్ళు తుడిచింది. పిల్లని ఇంట్లో కూర్చోబెట్టి ఇరుగుపొరుగుని అడగడానికి బయల్దేరింది.

ముందు కొమ్మరాజు గారింటికి వెళ్ళింది. కొమ్మరాజు కోతి. తల్లిదండ్రుల సంఘానికి అధ్యక్షుడు. ఆ సమయానికి ఆలుమగలిద్దరూ చెమటలు కక్కుతూ అరటిపళ్ళు ఒలుస్తున్నారు. పండు అవతల పారేసి, తొక్క ఇవతల జాగ్రత్తగా పేరుస్తున్నారు.

"అదేంటండీ, పండు పారేస్తున్నారు?"

"తినే తీరికెక్కడిదమ్మా! బాబు ప్రాజెక్టుకి నాలుగొందల తొక్కలు కావాలి. ఏనుగు బొమ్మ చేస్తున్నాం. అధికారిగారు ఏనుగంట కదా, మురిసిపోతాడు."

"మరి బాబేడండీ?"

"వాడు ఆడుకుంటున్నాడు. పిల్లలకి ఇవన్నీ చేతనవుతాయా? ప్రాజెక్టంటే తల్లిదండ్రులు చెయ్యాల్సింది కాదూ!"

"ఓ పిడికెడు తొక్కలు ఇప్పిస్తారా బాబూ, మా పైడికి?"

కొమ్మరాజు తొక్కల గుట్ట మీదికెక్కి కూర్చున్నాడు. "చాల్చాల్లేమ్మా! మా చెత్త మాకే చాలట్లేదు."

ఎలుగుబంటి ఇంట్లో మైనం కోసం నిండు తేనెపట్టు పిండి తేనె వాగులో పారబోస్తున్నారు. నెమలి ఇంట్లో "రాలిన ఈకలతో విసనకర్ర" అని ప్రాజెక్టట. ఈకలు రాలే కాలం ఇంకా రాలేదు కనక తండ్రిని నేల మీద బోర్లా పడుకోబెట్టి పీకుతున్నారు. ఆయన అరుపులు అడవంతా వినబడుతున్నాయి. నూకాలు చెవులు మూసుకుని తిన్నగా బడికి నడిచింది.

మాస్టారు కళ్ళు మూసుకుని నిలబడి ఉన్నాడు. నూకాలు నేలకి తలాన్చి దణ్ణం పెట్టింది.

"అయ్యా, మా ఇంట్లో చెత్త లేదండి."

మాస్టారు ఒక కన్ను తెరిచాడు. "లేకపోవడమేంటి? అంటే మీ ఇంట్లో పర్యావరణం గురించి ఎవరూ ఆలోచించరన్నమాట."

"ఆలోచన సంగతి నాకు తెలీదండి. మేం ఏదీ పారెయ్యమండి, అంతే."

"అదేనమ్మా మీతో వచ్చిన చిక్కు! పారేస్తేనే కదా తిరిగి వాడేది? పారెయ్యనివాళ్ళకి తిరిగి వాడడం ఎలా వస్తుంది? పిల్లకి ఇంట్లో మంచి అలవాట్లు లేకపోతే బడి ఏం చేస్తుంది చెప్పు."

"ఏం చేస్తుంది, ఏం చేస్తుంది" అంది చెట్టు మీది నుంచి టీచరమ్మ.

నూకాలుకి ఏడుపొచ్చింది. "ఏదో ఒక దారి మీరే చూపించాలండి. దాన్ని నీడలో కూర్చోబెట్టాలని నా కోరికండి. మా వంశంలో ఎవరూ నీడెరగరండి."

మాస్టారు రెండో కన్ను కూడా తెరిచి నూకాలు వంక నిదానంగా చూశాడు. ఆయనకి ఆ క్షణాన ఒక ఉపాయం తట్టింది. ఎంత చెత్త పోగేయించినా తెల్లారేసరికి సగం మాయమైపోతోంది. ఆ మాయం చేసేవాళ్ళు ఎవరో ఇప్పుడు తెలిసింది.

"సరే, ఒక పని చెయ్యి. ఇవాళ్టి నుంచి పదిరోజులు మీ కులమంతా పని మానెయ్యండి. ఎక్కడిదక్కడ ఉండనివ్వండి. అడవిలో చెత్త మిగిల్తే అది మీరు బడికిచ్చిన సాయం కింద రాసుకుని, మీ పిల్లకి పాసు మార్కులు నేను వేయిస్తాను."

"పని మానేస్తే పాసాండీ?" నూకాలుకి నమ్మకం కుదర్లేదు.

"మాటంటే మాటే. కొంగ మాట."

పుట్టి బుద్ధెరిగాక నూకాలుకి సెలవన్న మాట తెలీదు. ఇంటికెళ్ళి అందరికీ చెప్పింది. ముసలీ ముతకా, పిల్లా జెల్లా బయల్దేరి వాగు అవతల ఉన్న అక్కగారింటికి వెళ్ళిపోయారు. మొదటి మూడు రోజులు నూకాలు కాళ్ళు ఊరికే ఉంచలేక గులకరాళ్ళు దొర్లించుకుంది. నాలుగో రోజున వెల్లకిలా పడుకుని ఆకాశం చూడడం నేర్చుకుంది. "ఓసినీ, ఇంత పెద్దదుందా ఇది నెత్తి మీద!" అంది అక్కతో. పైడి మాత్రం "నేనింక పాసేనా అమ్మా?" అని గంటకోసారి అడిగేది.

పదో రోజు పొద్దున్నే అధికారి వచ్చే రోజని అందరూ తిరిగొచ్చారు. వాగు దాటకముందే కంపు ఎదురొచ్చి పలకరించింది.

"అమ్మ బాబోయ్!" అని నూకాలు ముక్కు పట్టుకుంది.

దారి పొడవునా పేడ కుప్పలు. కుప్పల మీద ఈగలు. ఈగలకి తోడు దోమలు. కుళ్ళిన అరటిపళ్ళు కాళ్ళకింద జారుతున్నాయి. లేళ్ళు కాలు ఎక్కడ పెట్టాలో తెలియక ముందుకాళ్ళెత్తి నిలబడ్డాయి. బడి దగ్గర మాత్రం మహా వైభవంగా ఉంది. చెట్టు చుట్టూ తోరణాలు కట్టారు. మూడొందల పచ్చి టేకాకులు తెంపి ఒక్కో ఆకు మీద "ఆకు తెంపకు" అని టీచరమ్మ రాయించింది. తొక్కల ఏనుగు, మైనం కోట, నెమలీకల విసనకర్ర వరసగా పెట్టారు. విసనకర్ర పక్కన బోడి తోకతో నెమలి కూడా నిలబడ్డాడు. ఆయనా ప్రదర్శనలో భాగమేనేమో అని వచ్చినవాళ్ళు చూసిపోతున్నారు.

విద్యాధికారి వచ్చాడు. ఏనుగు. నడుస్తుంటే ఒళ్ళంతా హోదా ఊగుతోంది.

అధికారి వస్తే మర్యాద చెయ్యకపోతే ఎలా? కొమ్మరాజు ముందుకొచ్చి చేతులు కట్టుకున్నాడు. "అయ్యా, తమరు ఆరగించాలి. ప్రాజెక్టులో మిగిలిన పళ్ళు కూడా వృథా చెయ్యకుండా తమకోసమే దాచాం." అవి పదిరోజుల కిందట ఒలిచి పారేసి, ఇప్పుడు ఏరి తెచ్చిన పళ్ళు. అధికారి కళ్ళు మూసుకుని తిన్నాడు. పర్యావరణం కోసం ఆమాత్రం త్యాగం తప్పదు.

తిన్నాక ప్రదర్శన చూడ్డం మొదలుపెట్టాడు. తొక్కల ఏనుగు దగ్గర నిలబడి "నా పోలికలు బాగా వచ్చాయి" అన్నాడు. మైనం కోట దగ్గరికి వచ్చేసరికి కడుపులో ఏదో గుడగుడమంది. నెమలీకల దగ్గరికి వచ్చేసరికి ఉరిమినట్టయింది. ఆ తర్వాత జరిగింది వర్ణించకూడదు. ప్రదర్శన మధ్యలో, ఎండలో, అందరి కళ్ళెదుట, నెమలి కన్నా ఎత్తున లద్దె గుట్ట ఒకటి వెలిసింది.

అడవంతా ఊపిరి బిగబట్టింది. కంపు వల్ల కొంత, భయం వల్ల కొంత.

అధికారి నాలుగడుగులు ముందుకేసి, ఏమీ ఎరగనట్టు వెనక్కి తిరిగి చూశాడు. గొంతు సవరించుకున్నాడు. "ఊఁ. ఈ పెద్ద నమూనా ఎవరు చేశారు?"

మాస్టారికి ముచ్చెమటలు పోశాయి. తమరేనండి అంటే ఉద్యోగం పోతుంది. తెలీదంటే బదిలీ పోతుంది. "మా... మా బడి పిల్లలందరూ కలిసి చేశారండి" అన్నాడు.

"భేష్! ఎంత సహజంగా ఉంది! వేడి కూడా తగ్గలేదు. దీనికే మొదటి బహుమతి."

"మొదటి బహుమతి, మొదటి బహుమతి!" అని టీచరమ్మ రెక్కలు కొట్టింది. అందరూ ఒక చేత్తో ముక్కు పట్టుకుని ఇంకో చేత్తో తొడమీద చప్పట్లు కొట్టారు.

అదిగో, అప్పుడు పైడి లేచింది.

దానికి పాపం ఇవేవీ తెలీదు. బొమ్మ తేలేదన్న దిగులొక్కటే తెలుసు. పదిరోజులుగా కాళ్ళు ఊరికే ఉన్నాయి. ఎదురుగా వేడివేడి లద్దె. వాళ్ళమ్మ నేర్పిన పని. చరచరా వెళ్ళి గుట్ట లోంచి చక్కటి ఉండ ఒకటి కోసింది, గుండ్రంగా తిప్పింది, తల కిందికి పెట్టి దొర్లించుకుంటూ అధికారి కాళ్ళ మధ్య నుంచే పోయి మద్దిచెట్టు మొదట్లో పాతింది. పిల్లలందరూ "హేయ్!" అని అరిచారు. దాంతో పైడికి హుషారొచ్చి ఇంకో ఉండ కోసింది. చూస్తూ ఉండలేక దాని పిన్నులూ బాబాయిలూ తాతలూ దిగారు. నూకాలు ఒక్కత్తే మాస్టారి మొహం చూస్తూ నిలబడింది గానీ, దాని వెనక్కాళ్ళు కూడా కదుల్తూనే ఉన్నాయి. అరగంటలో గుట్ట లేదు. ఈగలు తగ్గాయి. గాలి కూడా కాస్త పీల్చుకునేలా అయింది.

"ఇదేంటిది!" అని అధికారి తొండమెత్తాడు. "మొదటి బహుమతి వచ్చిన నమూనాని ఎవరు పాడుచేశారు?"

అందరూ పైడిని చూపించారు. చూపించడంలో కొమ్మరాజు చెయ్యి అందరికన్నా ముందుంది.

అధికారి మార్కుల పట్టీ తెప్పించుకున్నాడు. "పైడి, రెండో తరగతి. ఇంటి నుంచి తెచ్చిన చెత్త: ఏమీ లేదు. చేసిన బొమ్మ: లేదు. పైగా ఉన్నదాన్ని నాశనం చేసింది. పర్యావరణంలో సున్నా!" అని ఎర్ర రంగుతో ఆకు మీద రాయించాడు. మిగతా పిల్లలందరికీ పాసు. పదిరోజుల పళ్ళు మళ్ళీ గుడగుడలాడుతుంటే మరో మాట లేకుండా గబగబా వెళ్ళిపోయాడు.

నూకాలు పుట్ట దగ్గరికి పరిగెత్తింది. "మాస్టారూ! మాటిచ్చారు కదండీ. పని మానితే పాసన్నారు. పదిరోజులు మానేం."

మాస్టారు ఒంటికాలి మీద నిలబడి కళ్ళు మూసుకున్నాడు. కొంగ జపం సంగతి అందరికీ తెలిసిందే కదా. ఎంత పిలిచినా పలకలేదు.

నూకాలుకి ఒళ్ళు మండిపోయింది.  దగ్గర్లో ఉన్న బండరాయి ఎక్కింది. ఎంత ఎక్కినా ఎవరికీ కనబడదు. కానీ గొంతు మాత్రం అందరికీ వినబడింది.

"అయ్యల్లారా, అమ్మల్లారా! మీ పిల్లలంతా పర్యావరణంలో పాసయ్యారండి. చాలా సంతోషం. అంటే చెత్తని ఏం చెయ్యాలో మీ అందరికీ వచ్చేసిందన్నమాట. మా పిల్ల ఫెయిలండి. అంటే మాకు రాలేదన్నమాట. రాని పనిలో వేలు పెట్టడం తప్పు కదండీ? రేపట్నుంచి పాసైనవాళ్ళ ముంగిళ్ళు పాసైనవాళ్ళే చూసుకోండి. ఎవరైనా ఫెయిలైతే చెప్పండి, వాళ్ళ ముంగిళ్ళు మేం చూస్తాం. వాళ్ళు మావాళ్ళు."

కొమ్మరాజు పడీపడీ నవ్వాడు. "పేడపురుగు కోపం పేడకి చేటు!" అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వడానికి నోరు తెరిచినవాళ్ళ నోట్లోకి ఈగలు పోయాయి.

ఒక రోజు గడిచింది. రెండు రోజులు గడిచాయి. నూకాలు వాళ్ళు తమ బొరియ ముందు మటుకు అద్దంలా ఉంచుకుని గడప మీద కూర్చున్నారు. మూడోరోజుకి కొమ్మరాజు భార్య మొగుణ్ణి కొమ్మ మీంచి తోసేసింది. "తొక్కలన్నీ ఇంటిముందు కుళ్ళబెట్టావు. పోయి ఏదో ఒకటి చేసి రా. చెయ్యకుండా వస్తే ఈ కొమ్మెక్కనివ్వను" అంది.

కొమ్మరాజు బడికి వెళ్ళేసరికి అక్కడ అప్పటికే ఎలుగుబంటి నిలబడి ఉంది. దాని వెనక నెమలి. వాళ్ళ వెనక లేళ్ళు, కుందేళ్ళు. పెద్ద వరస.

"మాస్టారూ, మా వాణ్ణి ఫెయిల్ చెయ్యండి" అంటోంది ఎలుగుబంటి.

మాస్టారు నోరు తెరిచాడు. "పాసైనవాణ్ణి ఎలా ఫెయిల్ చెయ్యను?"

"వాడు పాసెక్కడయ్యాడండీ! మైనం కోట నేనే కట్టాను. వాడు నిద్రపోయాడు. ఒట్టు."

"ఈకలు రాలినవి కావండి. పీకినవి" అన్నాడు నెమలి. "కావాలంటే ఎక్కణ్ణుంచి పీకారో చూపిస్తాను." ఆయన వెనక్కి తిరగబోతే మాస్టారు వద్దన్నాడు.

కొమ్మరాజు అందర్నీ తోసుకుంటూ ముందుకొచ్చాడు. "సంఘాధ్యక్షుడి కొడుకండీ! అందరికన్నా ముందు వాణ్ణి ఫెయిల్ చెయ్యాలి. మొద్దు వెధవండి. ఇరవై రకాలని లెక్కపెట్టడం కూడా రాదు."

ఆ బడి పుట్టాక తల్లిదండ్రులు పిల్లల గురించి నిజం చెప్పడం అదే మొదలు.

మాస్టారికి చేపల చెరువు కళ్ళముందు కదిలింది. అందరూ ఫెయిలైతే బదిలీ కలే. "కుదరదు" అన్నాడు. ఆ మాట అన్న వెంటనే ఒక ఈగ ఎడమ కంట్లో పడింది. నలుపుకుంటుంటే ఇంకోటి కుడి కంట్లో పడింది. జపానికి కళ్ళు మూసుకుంటే రెప్పల మీద వాల్తున్నాయి, తెరిస్తే లోపల వాల్తున్నాయి. సాయంత్రానికి ఆయన ఎర్ర రంగు తెమ్మన్నాడు. ముప్పై ఎనిమిది మంది పిల్లలకి ముప్పై ఎనిమిది సున్నాలు చుట్టాడు.

తల్లిదండ్రులు సున్నాల ఆకులు నెత్తిన పెట్టుకుని నూకాలు గడపకి పరిగెత్తారు. "మావాడు ఫెయిలమ్మా! చూడు, ఎంత ఎర్రగా ఉందో!"

నూకాలు ఒక్కొక్క ఆకూ తిప్పి తిప్పి చూసింది. దానికి చదువు రాదు గానీ గుండ్రమేదో గుండ్రం కానిదేదో దానికన్నా బాగా ఎవరికి తెలుసు? "సరేనండి, మాటంటే మాటే. ఇది పేడపురుగు మాట, కొంగ మాట కాదు. కానీ ఫెయిలైనవాళ్ళకి మళ్ళీ పరీక్ష ఉంటుంది కదండీ? సాయంత్రం పూట పిల్లలు మా పైడితో రావాలి. ఎవరి ముంగిట్లోది వాళ్ళు దొర్లించి పాతాలి. పిల్లలే చెయ్యాలి. తల్లిదండ్రులు చెయ్యి పెడితే నేను గుర్తుపట్టేస్తాను."

పిల్లలకి అది పరీక్షని ఎవరూ చెప్పలేదు. ఉండలు చుట్టి వెనక్కాళ్ళతో దొర్లించడం వాళ్ళకి గోలీలాటలా తోచింది. ఎవడి ఉండ గుండ్రంగా ఉంది, ఎవడి ఉండ దూరం పోయింది అని ఒకటే పోటీ. గుంటలు తవ్వడంలో ఎలుగుబంటి పిల్ల మొనగాడు. కోతిపిల్ల తల కిందికి పెట్టి పల్టీలు కొట్టి నాలుగుసార్లు గుంటలో పడ్డాడు. పైడి నడుం మీద చేతులు పెట్టుకుని "అలా కాదురా, ఇలా" అని చెబుతుంటే నూకాలు గడప మీంచి చూసి, ఎవరూ చూడకుండా కళ్ళు తుడుచుకుంది.

రెండు వారాలు తిరిగేసరికి కొమ్మరాజు ఇంట్లో కొత్త గొడవ మొదలైంది. ఆయన సగం కొరికిన పండు కిందికి విసరబోతే కొడుకు చెయ్యి పట్టుకున్నాడు.

"నాన్నా, పారెయ్యకు! సాయంత్రం దాన్ని దొర్లించాల్సింది నేను. పూర్తిగా తిను."

"తండ్రికే చెబుతావురా?"

"ఫెయిలైనవాణ్ణి కదా, నాకింతే తెలుసు. తిను."

కొమ్మరాజు తిన్నాడు. ఏం చేస్తాడు మరి?

ఇక మూడో తరగతి సంగతి. అందరూ ఫెయిలైతే మూడో తరగతిలో ఎవరూ ఉండరు. తరగతి లేకపోతే బడి మూసేస్తారు. మాస్టారు భయపడి పై ఆఫీసుకి రాశాడు. "పర్యావరణం మార్కులు పైతరగతికి లెక్కలోకి రావు. అసలు ఎప్పుడూ రాలేదు" అని జవాబొచ్చింది. మిగతా లెక్కలూ తెలుగూ పైడి ఎప్పుడో పాసైంది. మర్నాడే వెళ్ళి మద్దిచెట్టు నీడలో, తను లద్దె పాతిన చోటే కూర్చుంది. అక్కడ పచ్చిగడ్డి మెత్తగా మొలిచింది. నూకాలు దూరాన్నుంచి ఆ నీడని, నీడలో కూతుర్నీ చూసింది. ఆరోజు ఉండ కూడా దొర్లించలేదు. వెల్లకిలా పడుకుని ఆకాశం చూసింది.

సున్నా వేసిన ఆకు పైడికి ఎంతో నచ్చింది. "అమ్మా, అధికారిగారు నా పేరు పక్కన ఉండ బొమ్మ గీయించారు!" అని అందరికీ చూపించింది. కొన్నాళ్ళు గుమ్మానికి వేలాడదీశారు. ఆకు ఎండి రాలిపోయాక నూకాలు దాన్ని కూడా ఉండలో కలిపేసింది. ఆ ఇంట్లో ఏదీ పారెయ్యరు కదా.

జపేశ్వరరావు మాస్టారు ఇప్పటికీ ఆ పుట్ట మీదే ఉన్నాడు. ఒక ఏడాది ఆశ చావక ఒక్క కుందేలు పిల్లని పాస్ చేశాడు. మూడోరోజున ఆ పిల్ల తల్లి ఏడుస్తూ వచ్చి పుట్ట చుట్టూ పొర్లుదండాలు పెట్టింది. అప్పట్నుంచి ఏటా ఆ బడి ఫలితం ఒకటే, నూటికి నూరు ఫెయిలు. ఆ పట్టీ చూసి పై ఆఫీసువాళ్ళు ఏటా మాస్టారి బదిలీ ఆపుతారు. దాన్ని మోసుకెళ్ళే పావురం మాత్రం, దార్లో ముక్కు మూసుకోకుండా ఎగరగలిగే అడవి అదొక్కటే అంటుంది.

నీతి: పిల్లలు పర్యావరణంలో ఫెయిలైతే అడవికి మంచిది, పాసయ్యారంటే ముక్కు మూసుకోవాలి.